ఐర్లండ్ ప్రాంతీయ రైళ్లు: పాతబడినవి పెట్టెలు మాత్రమేనా?

ఐర్లండ్‌లో ఇప్పుడు రెండు రకాల రైల్వే వార్తలు పక్కపక్కనే వస్తున్నాయి. డబ్లిన్ శివార్ల కోసం తెప్పించిన కొత్త బ్యాటరీ రైళ్లు పరీక్షల దశలో ఉన్నాయని ఒకటి. లిమరిక్, టిపరేరీ, మేయో ప్రాంతాల్లో 2000లో తయారైన రెండు పెట్టెల డీజిల్ బండే ఇంకా తిరుగుతోందని, అది చెడిపోయిన రోజు బదులు బస్సు వేస్తున్నారని మరొకటి. వందల సంఖ్యలో కొత్త పెట్టెలు కొంటున్న సంస్థ చిన్న పట్టణాలకు పాత బండినే ఎందుకు పంపుతోంది? ఆ బండిని మార్చేస్తే సమస్య తీరుతుందా?

క్లుప్తంగా: ఐర్లండ్‌లో కొత్త రైళ్ల కొనుగోళ్లు డబ్లిన్ చుట్టూ, ఆ తరువాత పెద్ద నగరాల మధ్య మార్గాల చుట్టూ తిరుగుతున్నాయి. చిన్న లైన్లకు మిగిలినవి చేరుతున్నాయి. అయితే ప్రయాణికులు రాకపోవడానికి బండి వయసు కంటే బలమైన కారణాలు రెండున్నాయి: రోజుకు తిరిగే బండ్ల సంఖ్య, ఒంటి పట్టా (రాకపోకలు రెండిటికీ ఒకే ట్రాక్ ఉండటం). మంచి సర్వీసు ఉన్నచోట ముప్పై ఏళ్ల బండి కూడా నిండుతోంది.

ఏ బండి వయసు ఎంత

ఐర్లండ్ జాతీయ రైల్వే సంస్థ ఇయర్న్‌రోడ్ ఏరన్. సీఐఈ అనే ప్రభుత్వ రవాణా సంస్థకు అనుబంధంగా 1987లో ఏర్పడింది. దాని డీజిల్ బండ్లను కాలక్రమంలో చూస్తే కథ సగం అర్థమవుతుంది.

అన్నిటికంటే పాతవి 2600 శ్రేణి. జపాన్‌కు చెందిన టోక్యూ కార్ సంస్థ 1993-94లో 17 పెట్టెలు చేసింది. మొదట డబ్లిన్ శివారు ప్రయాణికుల కోసం వచ్చిన ఈ బండ్లు తరువాత కార్క్ పరిసరాలకు చేరాయి. అదే సంస్థ 2000లో 2800 శ్రేణి కింద 20 పెట్టెలు, అంటే రెండేసి పెట్టెల సెట్లు పది ఇచ్చింది. లిమరిక్ చుట్టూ ఉన్న లైన్లు, మేయోలో మనల్లా జంక్షన్ నుంచి బలీనా వెళ్లే చిన్న శాఖ వంటివి ప్రధానంగా వీటిమీదే ఆధారపడ్డాయి. 2002-05 మధ్య స్పెయిన్ నుంచి నాలుగేసి పెట్టెల సెట్లు 29 వచ్చాయి. ఇవి 29000 శ్రేణి, పూర్తిగా శివారు ప్రయాణం కోసం చేసినవి. తరువాత 2007 నుంచి 2012 దాకా దక్షిణ కొరియా హ్యుందాయ్ రోటెమ్ నుంచి 22000 శ్రేణి కింద 234 పెట్టెలు వచ్చాయి. నగరాల మధ్య సర్వీసులకు నేటికీ ఇవే వెన్నెముక. కార్క్ మార్గంలో మాత్రం ఇంజిన్ లాగే మార్క్ 4 పెట్టెలు నడుస్తున్నాయి. వాటి ముందుండే 201 శ్రేణి డీజిల్ ఇంజిన్లు 1994-95 నాటివి.

ఈ వరుసలో చిన్న లైన్ల కోసమే ప్రత్యేకంగా కొన్న బండి కనిపించడం అరుదు. డబ్లిన్‌కు కొత్తవి రాగానే అక్కడి పాతవి కార్క్‌కూ లిమరిక్‌కూ కదులుతాయి. అన్న వేసుకున్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టు, బండి ఆ లైనుకు చేరేసరికే దాని ఆయుష్షులో మంచి భాగం గడిచిపోయి ఉంటుంది. ఇందులో అన్యాయం ఒక్కటే చూడనక్కర్లేదు. ఎక్కువమంది ఎక్కేచోట కొత్త బండి పెట్టడం ఏ రైల్వేలోనైనా ఉన్నదే. చిక్కంతా పైనుంచి కదలిక ఆగిపోయినప్పుడు వస్తుంది. డబ్లిన్ ప్రాజెక్టు ఐదేళ్లు ఆలస్యమైతే లిమరిక్ బండి వయసు కూడా అదనంగా ఐదేళ్లు పెరుగుతుంది. ఆ ఆలస్యం మీద లిమరిక్ ప్రయాణికుడికి ఏ అధికారమూ లేదు.

వయసు ఒక్కటే కొలమానమైతే

రైలు పెట్టెకు సాధారణంగా 30 ఏళ్లకు అటూ ఇటూ ఆయుర్దాయం లెక్కగడతారు. ఐర్లండ్ అనుభవం ఈ లెక్కను రెండుసార్లు తలకిందులు చేసింది.

డబ్లిన్ తీరం వెంట హౌత్ నుంచి బ్రే దాకా 1984లో విద్యుత్ రైలు మొదలైంది. దాని పేరు డార్ట్. ఆ ఏడాది వచ్చిన 8100 శ్రేణి బండ్లు నలభై ఏళ్లు దాటి కూడా పనిచేస్తున్నాయి. 2000లో వాటికి తోడుగా వచ్చిన 8200 శ్రేణి బండ్లు ఎనిమిదేళ్లకే పక్కకు వెళ్లాయి. డీజిల్ వైపు కూడా ఇదే జరిగింది. 1998-99లో వచ్చిన 2700 శ్రేణిని 2012 నాటికి పూర్తిగా ఆపేశారు. అంతకంటే పాతవైన 2600 శ్రేణి ఇంకా తిరుగుతూనే ఉంది.

కాబట్టి ఒక బండి ఎంతకాలం బతుకుతుందనేది తయారైన ఏడాది కంటే దాని చుట్టూ ఉన్న ఏర్పాటు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఒకే రకం బండ్లు పెద్ద సంఖ్యలో ఉంటే విడిభాగాలు నిల్వ ఉంచుకోవచ్చు, మెకానిక్‌కు చేయి అలవాటవుతుంది, ఒకటి షెడ్డులో ఉన్నా మరొకటి లైను మీదికి వెళ్తుంది. 22000 శ్రేణికి పోర్ట్‌లీష్‌లో, 29000 శ్రేణికి డ్రొహెడాలో ప్రత్యేక డిపోలు ఉన్నది అందుకే. పదో పదిహేనో ఉన్న చిన్న శ్రేణులకు ఈ సౌకర్యం ఉండదు. తయారీదారు ఒక కంట్రోల్ కార్డునో గేర్‌బాక్సు భాగాన్నో చేయడం మానేస్తే, పది బండ్ల కోసం మళ్లీ చేయించడం మోయలేని ఖర్చు. చివరికి ఒక బండిని విప్పి మరొక బండికి భాగాలు వాడుకునే పరిస్థితి వస్తుంది. చిన్న శ్రేణులు త్వరగా కనుమరుగు కావడానికి ఇదొక పెద్ద కారణం.

పది సెట్ల లెక్కను కాస్త దగ్గరగా చూడాలి. ఉదాహరణకు ఒకటి పూర్తి ఓవర్‌హాలింగ్‌లో, ఒకటి మామూలు తనిఖీలో ఉన్నాయనుకుంటే ఎనిమిది మిగులుతాయి. అనుకోని మరమ్మతుతో మరొకటి ఆగితే ఏడు. రోజువారీ టైంటేబుల్‌కు ఏడు కావాలంటే ఆ రోజు చేతిలో అదనపు బండి లేదు. పొద్దున్నే ఇంకో ఇంజిన్ మొరాయిస్తే ఏదో ఒక లైను మీద బస్సు వేయాల్సిందే. ఏ లైను మీద? ఎక్కువమంది ఎదురుచూస్తున్న సర్వీసును కాపాడుకోవడం సహజం కాబట్టి, వేటు దాదాపు ప్రతిసారీ తక్కువమంది ఉన్న లైను మీదే పడుతుంది. ఇలా మూడునాలుగుసార్లు జరిగితే ఉద్యోగానికి వెళ్లేవాడు కారు కొనుక్కుంటాడు. అతను మళ్లీ రైలెక్కడు.

ఎక్కడా దొరకని కొలత

పాత బండ్లకు బదులు పక్క దేశంలో వాడిన బండ్లు కొనవచ్చు కదా అనే ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. ఇక్కడ అడ్డం వచ్చేది గేజు. ఐర్లండ్ పట్టాల మధ్య దూరం 1,600 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లోనూ యూరప్‌లో ఎక్కువ దేశాల్లోనూ అది 1,435. మన బ్రాడ్‌గేజ్ 1,676. ఐర్లండ్ కొలత ఉత్తర ఐర్లండ్‌లోనూ, ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లోనూ, బ్రెజిల్‌లో కొంత మేరా తప్ప కనిపించదు. బ్రిటన్‌లో వాడిన బండిని తేవాలంటే కింది చక్రాల చట్రాలు మార్చాలి, ప్లాట్‌ఫాం ఎత్తుకూ సిగ్నల్ వ్యవస్థకూ సరిపెట్టాలి, భద్రతా అనుమతులన్నీ మొదటి నుంచి తీసుకోవాలి. అప్పటికి ఆదా అనుకున్న డబ్బు చాలావరకు కరిగిపోతుంది.

కొత్తవాటికి ఆర్డర్ ఇచ్చినా, చిన్న సంఖ్యలో ప్రత్యేక కొలతకు చేసే బండి ఖరీదుగానే ఉంటుంది. చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఉన్నవాటిని పారేసే నిర్ణయం ఇక్కడ చాలా బరువైనది. 2008 తరువాత ఆర్థిక సంక్షోభం దేశాన్ని కుదిపేసినప్పుడు ఆ నిర్ణయమే జరిగింది. 1980లలో వచ్చిన మార్క్ 3 పెట్టెలను 2009లో తప్పించి, చాలావాటిని తుక్కు చేశారు. మూడేళ్ల తరువాత 2700 శ్రేణి వంతు వచ్చింది. జనం తగ్గుతున్న రోజుల్లో అది పొదుపుగా కనిపించింది. కానీ 2019 నాటికి ఏడాది ప్రయాణాలు 5 కోట్లు దాటాయి. అప్పుడు పెట్టెలు కావాల్సి వచ్చాయి, కొనడానికి ఎక్కడా లేవు. 2019లో 22000 శ్రేణికి అదనంగా 41 పెట్టెలు ఆర్డర్ ఇస్తే అవి ప్రయాణికులను ఎక్కించుకున్నది 2024లో. పైగా అవన్నీ మధ్యలో కలిపే పెట్టెలు. ఉన్న బండి పొడవు పెరిగింది, బండ్ల సంఖ్య పెరగలేదు. డబ్లిన్ వైపు రద్దీకి అది మేలే. రోజుకు రెండే బండ్లున్న లైనుకు మూడో బండి అలా రాదు.

ఒంటి పట్టా రాసే టైంటేబుల్

డబ్లిన్-కార్క్ మార్గం రెండు పట్టాలది. దాన్నుంచి విడిపోయాక దృశ్యం మారుతుంది. స్లైగో వైపు మేనూత్ దాటాక, గాల్వే వైపు పోర్ట్‌ఆర్లింగ్టన్ దాటాక, రోస్‌లేర్ వైపు బ్రే దాటాక ప్రధానంగా ఒంటి పట్టాయే. అక్కడ ఎదురెదురు బండ్లు లూప్ లైన్లున్న చోటే ఒకదాన్నొకటి దాటాలి. రెండు లూప్‌ల మధ్య ప్రయాణం 20 నిమిషాలనుకుంటే, ఒక బండి వెళ్లి ఎదురు బండి రావడానికి కనీసం 40 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఒక దిశలో గంటకు రెండు బండ్లు నడపడం అక్కడ అసాధ్యం, ఎంత కొత్త బండి తెచ్చినా సరే. ఒక బండి పది నిమిషాలు ఆలస్యమైతే లూప్‌లో నిలబడిన ఎదురు బండికి కూడా ఆ పది నిమిషాలు అంటుకుంటాయి.

ఉత్తర ఐర్లండ్‌లోని కోల్‌రేన్-డెరీ లైను ఇందుకు మంచి నిదర్శనం. 2000ల తొలి ఏళ్లలో మూతపడుతుందేమో అన్న భయం ఉన్న లైను అది. పట్టాలు మార్చారు, కొత్త బండ్లు వచ్చాయి. అయినా గంటకో బండి వేయడం మాత్రం 2017లోగాని కుదరలేదు. దానికి తాళంచెవి 2016లో బెల్లరీనా దగ్గర కట్టిన లూప్. అంతకుముందు లూప్ క్యాసిల్‌రాక్‌లో ఉండేది, అక్కడ దాటుకుంటే సమయాలు కుదిరేవి కావు. కొన్ని వందల మీటర్ల పట్టా సరైన చోట పడితే ఒక లైను టైంటేబుల్ మొత్తం మారిపోతుందని ఆ పని చూపింది.

లిమరిక్ జంక్షన్ ఇంకో ఉదాహరణ. పేరులో లిమరిక్ ఉన్నా ఇది టిపరేరీ కౌంటీలో, లిమరిక్ నగరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. కార్క్ ప్రధాన మార్గమూ, లిమరిక్-వాటర్‌ఫర్డ్ లైనూ కలిసేది ఇక్కడే. దేశంలో ముఖ్యమైన జంక్షన్లలో ఒకటైన ఈ చోట కార్క్ వైపు వెళ్లే రైళ్లకు సొంత ప్లాట్‌ఫాం 2019లో వచ్చింది. అప్పటిదాకా ఆ దిశలో వచ్చి ఇక్కడ ఆగే రైలు ఎదురు పట్టాను దాటుకుని అవతలి ప్లాట్‌ఫాం చేరాల్సి వచ్చేది, మళ్లీ దాటుకుని తన దారిన పడేది. రోజూ ఇన్ని నిమిషాలు ఇలా ఖర్చవుతుంటే ఆ జంక్షన్ మీద ఆధారపడిన చిన్న లైనుకు కచ్చితమైన కలయిక సమయం ఇవ్వడం కష్టం.

రోజుకు రెండు బండ్లు, మూడో దారి కారు

లిమరిక్ జంక్షన్ నుంచి టిపరేరీ, కాహిర్, క్లాన్‌మెల్, క్యారిక్-ఆన్-షూర్ మీదుగా వాటర్‌ఫర్డ్ వెళ్లే లైను మీద ఏళ్ల తరబడి రోజుకు ఇటు రెండు, అటు రెండు బండ్లే నడిచాయి. ఆదివారం అవీ లేవు. క్లాన్‌మెల్ దాదాపు 18,000 జనాభా ఉన్న పట్టణం. అక్కడివాళ్లు ఉదయం తొమ్మిదికి వాటర్‌ఫర్డ్‌లో పనికి చేరాలంటే ఆ టైంటేబుల్‌లో దారే లేదు. బాలీబ్రోఫీ నుంచి నీనా మీదుగా లిమరిక్ వెళ్లే లైనుదీ ఇలాంటి స్థితే. వేగ పరిమితుల వల్ల ఆ ప్రయాణానికి గంటన్నరకు పైగా పడుతుంది, పక్కనే ఎం7 మోటార్‌వే మీద కారు అందులో సగం సమయంలో చేరుతుంది. 2010 చివరికల్లా డబ్లిన్ నుంచి గాల్వే, లిమరిక్, కార్క్, వాటర్‌ఫర్డ్ అన్నిటికీ మోటార్‌వేలు పూర్తయ్యాయి. రైలు బడ్జెట్ సరిగ్గా అప్పుడే కుంచించుకుపోయింది.

వాటర్‌ఫర్డ్-రోస్‌లేర్ లైను ఈ దారిలో చివరి మెట్టు దాకా వెళ్లింది. రోజుకు ఒకే బండి మిగిలాక, రోస్‌లేర్ రేవులో ఓడ దిగేవాళ్లకూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకూ అది పనికిరాలేదు. 2010 సెప్టెంబరులో దాన్ని ఆపేశారు. ప్రయాణికులు లేరన్నది నిజమే. వాళ్లు ఎక్కగలిగిన బండి అక్కడ లేదన్నదీ అంతే నిజం.

ఇందుకు ఎదురుగా కార్క్ అనుభవాన్ని పెట్టి చూడాలి. గ్లౌంతోన్-మిడిల్టన్ లైనును 2009 జూలైలో మళ్లీ తెరిచారు. ఎనిస్-ఆథెన్‌రై లైనును, అంటే లిమరిక్-గాల్వే మార్గాన్ని కలిపే ముక్కను, 2010 మార్చిలో తెరిచారు. రెండిటి మధ్య తేడా ఎనిమిది నెలలే. మిడిల్టన్‌కు రద్దీ వేళల్లో అరగంటకో బండి ఇచ్చారు. గాల్వే వైపు రోజుకు ఐదు బండ్లు, అదీ రోడ్డు కంటే నెమ్మదిగా, ఎనిస్‌కు దక్షిణాన బాలీకార్ దగ్గర వరద నీరు చేరినప్పుడల్లా వారాల తరబడి మూత. మిడిల్టన్ లైను పెరిగి పెరిగి ఇప్పుడు రెండో పట్టా వేయించుకుంటోంది. గాల్వే లైను 2016లో ప్రయాణికులు తక్కువైన లైన్ల జాబితాకెక్కింది, ఆ తరువాతే కోలుకుంది. అసలు గమనించాల్సింది మరొకటుంది. మిడిల్టన్, కోవ్ మార్గాల్లో తిరిగేవి దేశంలోనే అతి పాత డీజిల్ పెట్టెలైన 2600 శ్రేణి బండ్లు. ప్రయాణికులు వాటి వయసు చూసి వెనక్కి పోలేదు. స్కాట్లాండ్‌లో 2015లో తెరిచిన బోర్డర్స్ రైల్వే కూడా 1990 ప్రాంతపు డీజిల్ బండ్లతోనే అరగంటకొకటి చొప్పున మొదలైంది, తొలి ఏడాదిలోనే పది లక్షలకు పైగా ప్రయాణాలు నమోదయ్యాయి.

అలాగని పాత బండి ఫర్వాలేదని తీర్మానించకూడదు. వీల్‌చైర్‌తో ఎక్కేవారికి, పసిపిల్లలతో రెండు గంటలు కూర్చునేవారికి బండి లోపలి ఏర్పాటే ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది. శివారు కోసం చేసిన 29000 శ్రేణిని కొన్ని సందర్భాల్లో రోస్‌లేర్ వంటి దూరపు మార్గానికి పంపినప్పుడు వచ్చిన ఫిర్యాదులు న్యాయమైనవి. బండి మార్పు అవసరమే. టైంటేబుల్ మారకుండా బండి మాత్రం మారితే ఆ ఖర్చుకు తగిన ఫలితం రాదు.

డబ్బు వచ్చే రెండు గొట్టాలు

రైళ్లు నడిపినందుకు జాతీయ రవాణా అథారిటీ, అంటే ఎన్‌టీఏ, ప్రజాసేవా ఒప్పందం కింద ఇయర్న్‌రోడ్ ఏరన్‌కు చెల్లిస్తుంది. పట్టాలు, వంతెనలు, సిగ్నళ్ల నిర్వహణకు మరొక బహుళ వార్షిక ఒప్పందం ఉంది. ఇలా రెండుగా విడగొట్టడం వల్ల లెక్కలు స్పష్టంగా ఉంటాయి, కానీ చిన్న లైనుకు ఒక చిక్కు వస్తుంది. పట్టా నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం రెండు బండ్లు తిరిగినా ఎనిమిది తిరిగినా మారదు. గేటు కాపలా, వంతెన తనిఖీ, కట్ట మరమ్మతు అన్నీ ఉంటాయి. 2003 అక్టోబరులో సిమెంటు రవాణా చేస్తున్న గూడ్సు బండి పట్టాలు తప్పి కాహిర్ వంతెన దెబ్బతిన్నప్పుడు, వాటర్‌ఫర్డ్ లైను మళ్లీ తెరుచుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఈ స్థిరమైన ఖర్చును రెండు బండ్ల ప్రయాణికుల మీద పంచితే తలసరి రాయితీ భయపెట్టే అంకె అవుతుంది.

ఎన్‌టీఏ, ఇయర్న్‌రోడ్ ఏరన్ కలిసి 2016లో ప్రచురించిన సమీక్షలో జరిగింది అదే. నిధులు పెరగకపోతే పరిశీలనకు రావాల్సిన లైన్లుగా బాలీబ్రోఫీ-లిమరిక్, లిమరిక్ జంక్షన్-వాటర్‌ఫర్డ్, ఎనిస్-ఆథెన్‌రై, గోరీ-రోస్‌లేర్ పేర్లు అందులో కనిపించాయి. తక్కువ బండ్ల వల్ల తక్కువ జనం, తక్కువ జనం వల్ల ఎక్కువ తలసరి ఖర్చు, ఆ ఖర్చు చూపి బండ్లు పెంచకపోవడం. ఈ చక్రాన్ని లోపలినుంచి తెంచే శక్తి లైనుకు లేదు. బయటినుంచి ఎవరైనా ముందుగా సర్వీసు పెంచి, జనం అలవాటు పడేదాకా కొన్నేళ్లు ఓపిక పట్టాలి.

ఇక ముందు కదలబోయేవి

డబ్లిన్ విద్యుత్ రైలు విస్తరణకు డార్ట్ ప్లస్ అని పేరు. దానికోసం 2021 డిసెంబరులో రైళ్ల తయారీ సంస్థ ఆల్‌స్టామ్‌తో గరిష్ఠంగా 750 పెట్టెలకు పదేళ్ల ఒప్పందం కుదిరింది. అందులో రెండు విడతల్లో 185 పెట్టెలకు ఆర్డర్ వెళ్లింది: ఐదేసి పెట్టెల బ్యాటరీ సెట్లు 31, మామూలు విద్యుత్ సెట్లు 6. మలహైడ్ నుంచి డ్రొహెడా దాకా తీగలు లేవు కాబట్టి బ్యాటరీ బండ్లు ముందు అక్కడ పనికొస్తాయి. ఐర్లండ్‌లో ఇప్పటికీ విద్యుదీకరణ జరిగింది డార్ట్ మార్గంలోని సుమారు 53 కిలోమీటర్లే అన్నది గుర్తుంచుకుంటే బ్యాటరీకి ఎందుకు మొగ్గారో తెలుస్తుంది.

ఈ బండ్లు పనిలోకి దిగితే 29000 శ్రేణి డీజిల్ సెట్లు డ్రొహెడా మార్గం నుంచి దశలవారీగా ఖాళీ అవుతాయి. ప్రాంతీయ లైన్లకు దగ్గర్లో కనిపించే ఊరట ఇదే. కానీ ఆ సెట్లు నాలుగు పెట్టెలవి, ఇరవై ఏళ్లు దాటినవి, శివారు ప్రయాణానికి కుర్చీలు వేసినవి. లోపల మార్చకుండా పంపితే ఒక సమస్య స్థానంలో మరొకటి వస్తుంది. 2800 శ్రేణికి 2030లో ముప్పై ఏళ్లు నిండుతాయి. కాబట్టి ఖాళీ అయ్యే సెట్లలో ఎన్నిటిని ఏ లైనుకు ఇస్తారు, వాటిని ఎక్కడ మరమ్మతు చేస్తారు అన్న నిర్ణయం ఈ దశాబ్దంలోనే జరగాలి.

దూరపు లక్ష్యం 2024 జూలైలో ఐర్లండ్, ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వాలు ప్రచురించిన అఖిల ద్వీప రైలు సమీక్షలో ఉంది. నగరాల మధ్య మార్గాల విద్యుదీకరణ, ఒంటి పట్టాలున్న చోట రెండో పట్టా, ఆథెన్‌రై-క్లేర్‌మోరిస్, వాటర్‌ఫర్డ్-వెక్స్‌ఫర్డ్ వంటి మూతపడిన మార్గాల పునరుద్ధరణ, ప్రాంతీయ లైన్ల మీద కనీసం రెండు గంటలకో బండి అందులోని సిఫార్సులు. 2050 దాకా అంచనా ఖర్చు సుమారు 3,680 కోట్ల యూరోలు. ఇంత పెద్ద అంకె వార్తల్లో నిలవడం సహజం. ప్రాంతీయ ప్రయాణికుడికి మాత్రం ఆ సిఫార్సుల్లో అతి చవకైనదే అతి విలువైనది: రెండు గంటలకో బండి. ఉన్న పట్టాల మీద, అక్కడక్కడ ఒక లూప్ కట్టి, ఖాళీ అయ్యే డీజిల్ సెట్లను సరిచేసి, అదనపు సిబ్బందిని పెట్టుకుంటే దాన్ని 2050 కంటే చాలా ముందే మొదలుపెట్టవచ్చు. క్లాన్‌మెల్‌లో ఉదయం ఏడున్నరకు వాటర్‌ఫర్డ్ వైపు ఒక బండి వేయడానికి విద్యుత్ తీగలు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.